కడగకూడని మురికి

ఈ ఉదయం కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. వానాకాలంలో మా జంషెడ్‌పూర్ కుళాయిల్లో ఆ మందు కాస్త ఎక్కువే కలుపుతారో ఏమో, బకెట్ నిండేలోగా ముక్కు మండుతుంది. ఇంట్లో మిగతావాళ్లకు అది శుభ్రమైన నీళ్ల వాసన. నాకు మాత్రం అది తగిలితే ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుంటుంది. చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయాను. వంటింట్లోంచి మా అత్తగారు, "ఏటే, నీల్లు కొత్తగా సూత్తన్నావేటి?" అంది. కొత్తేమీ కాదు. పదేళ్లుగా ఈ వాసన వచ్చినప్పుడల్లా కూర్మారావు బాబాయ్ గుర్తొస్తాడు, ఆయన విషయంలో నేను చేసిన పని గుర్తొస్తుంది. అది ఎంత పెద్ద తప్పో, ఆయనకు ఎంతవరకు తెలుసో, ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. రాస్తేనైనా తెలుస్తుందేమోనని కాగితాలు ముందేసుకున్నాను.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి, చెవుల మీద తెల్ల వెంట్రుకలు, ఏ కాలమైనా మోచేతుల దాకా మడిచిన చొక్కా. టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లు గుళ్లకు తిరుగుతారు, లేదంటే ఇంట్లో కోడళ్ల మీద అజమాయిషీ చేస్తారు. ఈయన సాక్చి బజారులో స్టీలు గిన్నెల కొట్లకూ టైలర్ల వరసకూ మధ్య ఉన్న సందులో రంగుచేపల కొట్టు పెట్టాడు. పద్నాలుగు అద్దాల తొట్లు, వాటి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. ఇల్లు బిర్సానగర్‌లో, మాకు మూడిళ్ల అవతల. మా చుట్టం కాదు. సోంపేట దగ్గర మా ఊరికీ ఆయన ఊరికీ నడిచిపోయేంత దూరమని తెలిసిన రోజు నుంచి బాబాయ్ అయ్యాడు, అంతే.

నేను అప్పటికి పెళ్లయి వచ్చి రెండేళ్లు. బీఎస్సీ చదివి, మా ఆయన షిఫ్టుల ప్రకారం అన్నం వండుతూ, కిటికీలోంచి ఆటోలు లెక్కపెడుతూ ఉండేదాన్ని. ఒకరోజు బాబాయ్ గుమ్మంలోనే నిలబడి, "డబ్బాల మీద ఇంగ్లీసు రాతలు సదివిపెట్టేవాల్లు కావాల. కొట్లోకి వత్తావా పాపా?" అని అడిగాడు. ఆ ఇంటికి వచ్చాక నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఎగిరి గంతేయాలనిపించింది. మా అత్తగారికి ఇష్టం లేదు, ఆయన పెద్దరికం చూసి కాదనలేకపోయింది. "ఎల్లు. నీ మీద ఒక్క మాట నా సెవిన పడిందంటే మాత్రం ఆ రోజే మాన్పించీత్తాను" అంది. ఆమె అన్నదంటే చేస్తుంది. ఆ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత నేను చేసినదానికి నా దగ్గరున్న సాకు అదొక్కటే.

మొదటి వారంలోనే రెండు రకాల సిరామిక్ రింగుల డబ్బాలు వచ్చాయి. ఫిల్టరు పెట్టెలో వేసే తెల్లటి గుల్ల రింగులు. ఏది ఎక్కువ తెప్పించాలో చెప్పమని బాబాయ్ నన్ను అడుగుతాడనుకుని డబ్బాల మీద ఉన్నదంతా శ్రద్ధగా చదివి వినిపించాను. ఆయన సగం కూడా వినకుండా ఒక రింగు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. నేను "అయ్యో బాబాయ్!" అన్నాను. రెండో డబ్బాలోంచి ఇంకొకటి తీసి నా చేతికిచ్చి, "నువ్వూ సూడు" అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్లు చూస్తుండగా నేనూ నాలుక చాపాను. రింగు జారి కింద పడింది. ఆయనది అతుక్కుని వేలాడుతోంది.

"అతుక్కుంటే లోపలిదాకా కన్నాలున్నట్టు. నీది మీద పూత పూసిన సరుకు. కన్నాల్లేకపోతే జనం ఎక్కడుంటారు?"

"ఏ జనం బాబాయ్?"

"కంటికి కనపడని జనం. సేపల మలమూత్రం తిని నీల్లని బతికించీవోల్లు."

అప్పుడు నాకు వెలిగింది. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మార్చడం మీద నేను డిగ్రీలో అయిదు మార్కుల జవాబు రాసి, అయిదూ తెచ్చుకున్నాను. గొప్పగా అదంతా అప్పజెప్పాను. బాబాయ్ చివరిదాకా విని, "నీకు ఆల్ల పేర్లు తెలుసు. నాకు ఆల్లతో కాపరం తెలుసు" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలియలేదు. ఆయనతో నాకెప్పుడూ అదే తంటా.

ఇంకోసారి కార్ఖానాలో పనిచేసే తెలిసినాయన గోనెసంచీ నిండా స్లాగు తెచ్చిపడేశాడు. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం అది. జంషెడ్‌పూర్‌లో దాన్ని రోడ్లకింద వేస్తారు, పెరట్లో గుంటలు పూడుస్తారు, అది పనికిరాని చోటే ఉండదని మా నమ్మకం. నల్లగా, తేనెపట్టులా కన్నాలు కన్నాలుగా ఉంది. ఇంత చక్కటి సరుకు దొరికితే ఇక రింగులెందుకని నేను వాదించాను. బాబాయ్ ఒక ముక్కను గాజుగ్లాసు నీళ్లలో వేసి నాలుగు రోజులు అల్మరా మీద ఉంచాడు. తర్వాత ఆ నీళ్లు వేళ్ల మధ్య రాసి చూసి, "జారతంది. సున్నం దిగింది" అన్నాడు. నేను నమ్మక పరీక్ష మందు చుక్కలు వేశాను. గ్లాసు ముదురు నీలమైంది. చేపల్ని చంపేంత క్షారం.

"కన్నాలుంటే సాలదమ్మా. నీల్లలో ఉండి నీల్లకి తన గునం అంటించకుండా ఉండాల" అన్నాడు. ఆయన సొంత తొట్లలో వేసిందేమిటో తెలుసా? పాత ఇళ్లు కూలగొట్టిన చోట ఏరుకొచ్చిన మట్టి పెంకులు, ఇక్కడివాళ్లు ఖప్రా అంటారే, అవి. ముక్కలు కొట్టి, ఉడకబెట్టి, స్పాంజీ వెనక పేర్చేవాడు. మరి జనానికి రింగులు ఎందుకు అమ్ముతున్నావంటే, "రెండూ ఒకలాగే పనిసేత్తాయి. కొనుక్కున్నదైతే ఆల్లు దాన్ని మాటిమాటికీ ఇప్పి సూడరు" అన్నాడు. ఇందులో నిజాయితీ ఎంత, గడుసుదనం ఎంత అని ఆ రోజంతా ఆలోచించాను.

ఎంచుకోవడం ఒక ఎత్తు, కాపాడుకోవడం పది ఎత్తులు. నేనొక నోటుపుస్తకంలో ఆయన చెప్పిన నియమాలు రాసుకునేదాన్ని. స్పాంజీని కుళాయి నీళ్లలో కడగకూడదు, ఆ తొట్టి నీళ్లే బకెట్లోకి తీసి అందులో పిండాలి. సగం ఈ నెల, సగం వచ్చే నెల. పెంకుల్ని ఊరికే ఆ నీళ్లలో ఆడించాలి తప్ప రుద్దకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. ఎన్నాళ్లకోసారి అని అడిగితే మాత్రం ఒక తొట్టికి పదిహేను రోజులనేవాడు, పక్క తొట్టిని రెండు నెలలు ముట్టుకోనిచ్చేవాడు కాదు. రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి, చివరికి నా పుస్తకంలో తలా తోకా మిగల్లేదు. ఒకరోజు విసుగొచ్చి, "ఏదో ఒకటి చెప్పు బాబాయ్, కడగాలా వద్దా?" అన్నాను. ఆయన స్పాంజీని రెండుసార్లు పిండి బకెట్లోంచి తీసేశాడు. ఇంకా గోధుమరంగు నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"నీల్లు దిగడం మందగిత్తే కడుగు. నీ కంటికి అసయ్యంగా ఉందని కడక్కు. మూడోపాలి పిండితే అది సేపల కోసం కాదు, నీ కోసం."

ఫిల్టరు మూత తెరిచినప్పుడు కుళ్లు వాసన రాకూడదనీ, వాన పడ్డ మడి వాసన రావాలనీ ఆయనే నేర్పాడు. ఆ మురికి నాకు అలవాటైంది. ఇష్టమైందని అబద్ధం చెప్పను. పుట్టినప్పటి నుంచి తోమడం, కడగడం, ఆరబెట్టడం నేర్చిన చేతులు ఇవి. జిగట చూస్తే వాటంతట అవే లాగేవి.

అప్పటికే బాబాయ్ కొన్ని మరిచిపోతున్నాడని కొడుకు రమేష్ గోల మొదలుపెట్టాడు. రమేష్ గోవింద్‌పూర్‌లో ఉండేవాడు, లారీల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాడు. ఒకసారి తాళాలు చేపల వలలో దొరికాయి. ఒకసారి ఒకే తొట్టికి రెండుసార్లు మేత పడింది. ఆ మాత్రం మతిమరుపు నాకు ఇరవై ఆరేళ్లకే ఉంది. రమేష్ మాత్రం వారం వారం వచ్చి, "నాన్నా, అబ్ ఛోడ్ దీజియే దుకాన్" అని మొదలుపెట్టేవాడు. బాబాయ్ తొట్లో వేలు పెట్టి ఆడిస్తూ, "కొట్టు ఒగ్గేసి ఇంట్లో కూకుంటే నాకు పొద్దెలా పోద్దిరా? బుర్ర పనిసేసినన్నాల్లు ఉండనీ" అనేవాడు. ఆయన వేలు చుట్టూ ఒక పెద్ద ఆస్కార్ చేప తిరిగేది. తొమ్మిదేళ్లుగా ఆయన చేతి మేత తిన్న చేప, ఎవరడిగినా అమ్మలేదు. బుర్ర పనిచేసినన్నాళ్లు అనే ఆ మాటమీదే తండ్రీకొడుకుల ఒప్పందం నిలబడి ఉంది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఈ ఊళ్లో ఆ పండగ సంగతి బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. ఫ్యాక్టరీలో పెద్ద యంత్రం నుంచి టైలరు కత్తెర దాకా అన్నిటినీ ముందురోజు కడిగి, తుడిచి, బొట్టు పెడతారు. పూజ నాడు వాటికి విశ్రాంతి. ఆటోలకు బంతిపూల దండలు, కుట్టుమిషన్లకు సిందూరం. బాబాయ్ ఏటా ఆ రెండు రోజులూ తన పాత లోకో షెడ్డుకు వెళ్లేవాడు. వెళుతూ నాతో, "కొట్టు తుడిసీ, అద్దాలు తుడిసీ. పిల్టర్ల జోలికి మాత్రం ఎల్లకు" అన్నాడు. స్పష్టంగా అన్నాడు. ఈ మొత్తం కథలో నాకు ఏ సందేహమూ లేని సంగతి ఇదొక్కటే.

అద్దాలన్నీ మెరిసేలా తుడిచాను. పక్కన టైలర్లు మిషన్లకు నూనె పెడుతున్నారు, ఎదురుగా గిన్నెల కొట్టాయన తరాజు తోముతున్నాడు. నా వెనక పద్నాలుగు ఫిల్టర్లు బురద కక్కుతున్నాయి. యంత్రాల పండగనాడు వీటికి మాత్రం మురికి బట్టలా? ఒక్కటి తీశాను, చూద్దామని. కుళాయి కింద పెడితే పెంకు ముక్క ఎర్రగా కొత్తదిలా బయటపడింది. ఎంత ముచ్చటేసిందో! ఇక చేతులు ఆగలేదు. బ్లీచింగ్ వాసన కొట్టే నీళ్లలో అన్నీ తోమాను, స్పాంజీలు తెల్లనీళ్లు వచ్చేదాకా పిండాను, మేడమీద ఎండలో ఆరబెట్టాను. మోటార్లు ఆపి, పసుపు కుంకాలు పెట్టి, మర్నాడు సాయంత్రం పూజయ్యాక అన్నీ మళ్లీ బిగించాను. అయిదు మార్కుల జవాబు అప్పుడు నా తలలో ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. బాబాయ్ వచ్చి ఆశ్చర్యపోతాడనుకున్నాను.

మూడో రోజుకు నీళ్లు కలిగంజిలా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పరీక్షగొట్టంలో చుక్కలు వేస్తే ముదురాకుపచ్చ, అంటే నిండా అమ్మోనియా. జనాన్ని మొత్తం నేనే తుడిచిపెట్టానని అప్పుడు తెలిసింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. బాబాయ్ నన్నేమీ అడగలేదు. "మా ఇంట్లో తొట్టి ఉంది కదా, దాని స్పాంజీ పిండకుండా తడిగా అట్టుకురా, ఎల్లు" అన్నాడు. బిర్సానగర్ నుంచి సాక్చి దాకా షేర్ ఆటోలో, ఒళ్లో టిఫిన్ డబ్బా, అందులో జనం ఇంకా బతికున్న నల్లటి స్పాంజీ. పక్కావిడ ముక్కు మూసుకుంది. ఆ మురికి ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కాను. దాన్ని ముక్కలుగా కోసి సర్దితే అయిదు తొట్లు బతికాయి. ఆస్కార్ మర్నాడు పక్కకు ఒరిగిపోయింది. బాబాయ్ నీళ్లలో వేలు ఆడించి చూశాడు, రెండు మూడుసార్లు.

ఆ సాయంత్రం రమేష్ వచ్చాడు. ఫిల్టరు మూత తీసి, కొత్తవాటిలా ఎర్రగా ఉన్న పెంకుల్ని గుప్పిట్లోకి తీసి, "యే కిస్‌నే ధోయా?" అన్నాడు. ఎవరు కడిగారని. నా నోరు తెరుచుకుంది. అత్తగారి మొహం కళ్లముందు కదిలింది. నోరు మూసేశాను. అంతలో బాబాయ్ నుదురు రుద్దుకుంటూ, "నానే సెప్పుంటాను కడగమని. నాకు గురుతు నేదు" అన్నాడు. రమేష్ తండ్రి వంక చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. అది ఇంకా ఘోరం. నేను తలవంచుకుని నిలబడ్డాను.

రమేష్ వెళ్లాక, షట్టరు సగం దించి బాబాయ్ నా వైపు తిరిగాడు. "సుజాతా, నిజం సెప్పు. నాను సెప్పినానా?"

నేను తలూపాను. అవునన్నట్టు.

ఆయన "అలాగా" అని షట్టరు మిగతా సగం దించేశాడు. ఆ ప్రశ్న నాకు తప్పు ఒప్పుకునే దారి చూపించడానికి అడిగాడా, లేక నిజంగానే తెలియక అడిగాడా? ఆయన మొహం ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా తేలడం లేదు. దీపావళి లోపు కొట్టు మూసేశారు. తొట్లు ఎవరెవరో పట్టుకుపోయారు. ఏ ఉద్యోగం కోసం నోరు మూసుకున్నానో అదీ పోయింది. నాకు తగిన శాస్తే, కానీ శిక్ష పడింది ఆయనకు.

ఆరు నెలలు వాళ్లింటి వైపు వెళ్లడానికి ముఖం చెల్లలేదు. వెళ్లిన రోజు బాబాయ్ వరండాలో ఖాళీగా కూర్చుని ఉన్నాడు. కొట్టు మూశాక ఆయన్ని చూసుకోవడానికి వచ్చి ఉంటున్న రమేష్ భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్లగానే గబగబా చెప్పేశాను. కడిగింది నేనని, ఆయన వద్దనే చెప్పాడని, తలూపి అబద్ధమాడానని. తిడతాడని కళ్లు మూసుకున్నాను. ఆయన గొంతు వినిపించింది.

"మరైతే నాను మరిసిపోనేదన్నమాట!"

కళ్లు తెరిచాను. మనిషి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, మొహం వెలిగిపోతోంది. "ఓలమ్మా, ఇలా రా! నాను మరిసిపోనేదట, ఈ పిల్ల సెప్తంది!" అని కోడల్ని కేకేశాడు. ఆవిడ వచ్చి నావైపు చూసి, పెద్దాయన్ని సంతోషపెట్టడానికి చెబుతున్నాననుకుని మెల్లగా నవ్వింది. నేను నిజమేనంటే ఇంకా నవ్వింది. నేను చంపింది చేపల్నే అనుకున్నాను ఆ రోజుదాకా. ఈ మనిషి ఆరు నెలలుగా తన బుర్ర మీద తానే నమ్మకం వదిలేసుకుని ఆ వరండాలో కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు.

తర్వాతి నెల వెళితే, "కొట్టు పోయింది కదమ్మా, నానేదో మరిసిపోయి కడగమన్నానట" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే వెలుగు, అదే కేక. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. ఒక్కసారి మాత్రం కళ్లెర్రజేసి, "మరి అప్పుడే ఎందుకు సెప్పనేదే?" అన్నాడు. అత్తగారి పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఆ పై నెల మళ్లీ సంతోషించాడు. రెండేళ్లపాటు ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. ఆయన మరుపు ఆ షట్టరు దించిన సాయంత్రం మొదలైందా, అంతకుముందే మొదలై నా అబద్ధం దానికి తోడైందా? డాక్టరుగారిని అడిగాను ఒకసారి. "అలా చెప్పలేమమ్మా" అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారో, అదే నిజమో. బాబాయ్ పోయి ఆరేళ్లు దాటింది.

ఇప్పుడు నేను గోవింద్‌పూర్‌లో ఒక బడిలో ల్యాబ్ పని చూస్తాను. వరండాలో ఒక తొట్టి ఉంది. పిల్లలకు స్పాంజీ పిండడం నేర్పాను, చాలా చోట్ల తప్పులు చేస్తారు, వాటికి నేను కోప్పడను. ఎవరు చేశారో చెప్పనప్పుడు మాత్రం నాకు తెలియకుండానే గొంతు లేస్తుంది. వాళ్లు బిత్తరపోతారు, తర్వాత నేనే సిగ్గుపడతాను.

పోయిన వారం మా అత్తగారు పూజ గంట కోసం ఇల్లంతా వెతికింది. దొరక్క గడపమీద కూలబడి, "నానే ఎక్కడో ఎట్టి మరిసిపోయుంటాను. నా పనైపోతంది" అంది. గంట నా సంచీలో ఉంది. బడిలో ఏదో కార్యక్రమానికి అడగకుండా పట్టుకెళ్లి తిరిగి పెట్టలేదు. పొయ్యిమీద కూర అలాగే వదిలేసి పరిగెత్తాను. ఆమె పక్కన కింద కూర్చుని, "నువ్వు మరిచిపోలేదత్తా, తీసింది నేను" అన్నాను. "తీత్తే తీసినావులే, గంటకోసం ఏడుత్తావేటే పిచ్చిదానా?" అంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కూర మాడుతున్న వాసన వస్తోందని ఆమె విడిపించుకోబోయినా వదలకుండా, "నీ బుర్ర బాగానే ఉందత్తా, బాగానే ఉంది" అంటూనే ఉన్నాను.